బ్యాటరీ పాట ఎవరికోసం?

పోయిన సమావేశంలో, భోజనాలకు ముందు, పిల్లలు ఇస్తిరాహా పచ్చికలో పరుగులు పెడుతుండగా, ఒక ప్రతిపాదన వచ్చింది. మన సంఘానికి సొంతంగా ఒక సౌండు సెట్టు కొనాలని. అంతవరకూ బాగానే ఉంది. అయితే అది గోడ కరెంటు మీద కాక, ఒక పెద్ద బ్యాటరీ పెట్టె మీద నడవాలట. అందుకు సంఘం నిధిలో ఉన్న 8 వేల రియాళ్ళూ ఖర్చు పెట్టి, చాలకపోతే ఇంటికింత అని వేసుకోవాలట. ఎందుకండీ బ్యాటరీ అని అడిగితే, "గోడలోంచి వచ్చే కరెంటు మురికిది, బ్యాటరీ కరెంటు శుద్ధమైనది. ఒక్కసారి వింటే మీకే తెలుస్తుంది డాక్టరుగారూ" అని జవాబు. చేతులెత్తమన్నారు. చాలా చేతులు లేచాయి. మావి లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పేలోపల బిర్యానీ చల్లారిపోతోందని ఎవరో అన్నారు. బిర్యానీ ముందు మా వాదన నిలవదని మాకూ తెలుసు గనక ఊరుకున్నాం.

అందుకని ఈ నాలుగు మాటలూ ఇక్కడ రాస్తున్నాం. మేమంటే మా దంపతులం. ఇద్దరమూ వైద్యులమే. ఈ తబూక్ వచ్చి ఆరేళ్ళయింది. పాటంటే మాకు పడదని ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లో పొద్దున్న కాఫీతో మొదలుపెట్టి రాత్రి పిల్లలు పడుకునేదాకా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. మా తగవు పాటతో కాదు, బ్యాటరీతో అంతకన్నా కాదు. ఆ బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నదే మా తగవు.

ముందుగా న్యాయంగా మాట్లాడుకుందాం. బ్యాటరీ వాదుల మాటలో నిజం బొత్తిగా లేదా అంటే, కొంత ఉంది. గోడ ప్లగ్గులో వచ్చేది అటూ ఇటూ ఊగే కరెంటు. ఈ దేశంలో అది సెకనుకు 60 సార్లు ఊగుతుంది, మన దేశంలో 50 సార్లు. ఆంప్లిఫయరుకు కావలసింది మాత్రం ఊగని, ఒకే దిక్కున ప్రవహించే కరెంటు. అందుకని పెట్టె లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు, దానివెనక డయోడ్లు, ఆ వెనక ఊపులను చదును చేసే కెపాసిటర్లు ఉంటాయి. ఆ చదును సరిగ్గా జరక్కపోతే స్పీకర్లోంచి సెకనుకు 120 ఊపుల 'గుంయ్' మనే మోత వస్తుంది. బ్యాటరీ పుట్టుకతోనే ఒకే దిక్కు కరెంటు ఇస్తుంది కాబట్టి ఈ తంటా ఉండదు. ఇది నిజం. ఈ నిజం ఎంత పాతదో ఆ బాగు చెయ్యడమూ అంతే పాతది. ఈనాడు బజార్లో దొరికే ఓ మోస్తరు ఆంప్లిఫయరు కూడా ఈ చదును పని చాలా చక్కగా చేస్తోంది. చెవి స్పీకరుకు ఆనించినా మోత వినిపించదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. ఇది మా ఇంట్లోనే తెలిసింది. మా నాన్నగారి పాత రికార్డు ప్లేయరు ఒకటి ఎంతో మోజుపడి సామాను బరువు కట్టి మరీ తెచ్చుకున్నాం. ఇక్కడ ప్లగ్గులో పెట్టి ఘంటసాల పాట వేస్తే, ఆ గంభీరమైన గొంతు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తింది. పిల్లలు పడీపడీ నవ్వారు. మాకు మాత్రం ఏడుపొచ్చింది. కారణం సులువే. ఆ మోటారు వేగం కరెంటు ఊపుల్ని పట్టి ఉంటుంది. 50 ఊపుల దేశానికి చేసిన మోటారును 60 ఊపుల దేశంలో తిప్పితే, నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్ళెం 40 చుట్లు తిరుగుతుంది. శ్రుతి అయిదుకు ఆరు నిష్పత్తిలో పైకి పోతుంది. అంటే షడ్జమం ఉండవలసిన చోట సాధారణ గాంధారం కూచుంటుంది. బ్యాటరీతో తిరిగే ప్లేయరుకయితే ఏ దేశమైనా ఒకటే. కనక అలాంటి పాత యంత్రం ఉన్నవాళ్ళు, మోటారు కప్పీ మార్పించలేనివాళ్ళు, బ్యాటరీ ప్లేయరు కొనుక్కుంటే మేము తప్పు పట్టం. ఈ దేశంలో వోల్టుల తంటా కూడా ఒకటుంది. పాత ఇళ్ళలో 127, కొత్త ఇళ్ళలో 220 పైమాట. క్రమంగా 230కి మారాలని 2010లో ఇక్కడి మంత్రిమండలి నిర్ణయించింది. వోల్టులు తేడా వస్తే చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో సరిపెట్టుకోవచ్చు. ఊపులు తేడా వస్తేనే చిక్కు. అయితే సంఘం కొనబోయేది పాత రికార్డు ప్లేయరు కాదు గదా! ఫోన్లోంచి పాట అందుకునే కొత్త సెట్టు. దానికి 50 అయినా 60 అయినా ఒకటే.

ఇక "బ్యాటరీ పెట్టగానే మోత పోయింది, మేము స్వయంగా విన్నాం" అనే మిత్రుల సంగతి. పోయే ఉంటుంది. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని మేము అనం. రోగి నొప్పి తగ్గిందంటే నమ్ముతాం, ఎందుకు తగ్గిందో మాత్రం విచారిస్తాం. టీవీ ఒక ప్లగ్గులో, ఆంప్లిఫయరు మరో ప్లగ్గులో ఉండి, రెండింటికీ విడివిడిగా ఎర్తు ఉండి, ఆ రెండింటినీ మళ్ళీ పాట వైరుతో కలిపితే ఎర్తులో ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులో గోడ కరెంటు ఊపులు చొరబడి పాటలో కలుస్తాయి. ఒక పెట్టెను బ్యాటరీ మీదకు మార్చగానే ఆ చుట్టు తెగుతుంది, మోత ఆగుతుంది. మన మిత్రుడు, ఆహా, ఎంత శుద్ధమైన కరెంటో అని మురిసిపోతాడు. అసలు మందు శుద్ధి కాదు, చుట్టు తెగడం. రెండు పెట్టెల్నీ ఒకే ప్లగ్గు పలకలో గుచ్చినా చాలాసార్లు అదే పని జరుగుతుంది. ఆ పలక ఖరీదు 30 రియాళ్ళు.

మా వృత్తిలో ఇది రోజూ చూసే విషయం. ఈ.సీ.జీ. తీస్తే ఒక్కోసారి గుండె గీత మీద సన్నని రంపపు పళ్ళలా గోడ కరెంటు ఊపులు పడతాయి. చాలా యంత్రాల్లో దాన్ని వడకట్టే మీట ఉంటుంది. 50కి ఒకటి, 60కి ఒకటి. కొత్తగా వచ్చిన నర్సు, "డాక్టర్, మిషను ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద పెట్టేశాను, ఇంకా పోవడం లేదు" అంటుంది. ఎందుకు పోతుంది? మిషను బ్యాటరీ మీద ఉన్నా, మంచం మీద ఉన్న రోగి గది గోడల మధ్యనే ఉన్నాడు. ఆ ఒళ్ళే ఏరియల్ లాగా చుట్టుపక్కల వైర్లలోని ఊపుల్ని అందుకుంటుంది. పరీక్షించి చూస్తే ఒక ఎలక్ట్రోడు ఎండిపోయి ఉంటుంది, లేదా ఒక తీగ వదులై ఉంటుంది. అది సరిచేస్తే గీత తేటపడుతుంది. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట అంటే ఇదే. సౌండు సెట్టులోనూ అంతే. వదులైన పిన్ను, తెగిన కవచపు తీగ, ఎర్తు చుట్టు, వీటిని వెతక్కుండా 8 వేల రియాళ్ళ బ్యాటరీ కొనడమంటే ఎలక్ట్రోడు తడపకుండా కొత్త మిషనుకు ఆర్డరివ్వడమే.

పైగా ఇంకో వింత చూడండి. మన మిత్రులు ఎంపిక చేసిన పెట్టెలో బ్యాటరీతోపాటు ఇన్వర్టరు ఉంది. ఎందుకంటే వాళ్ళు కొనదలచిన ఆంప్లిఫయరుకు 220 వోల్టుల ప్లగ్గు తప్ప మరో దారి లేదు. అంటే ఏమవుతుంది? గోడలోని ఊగే కరెంటును చార్జరు ఊగని కరెంటుగా మార్చి బ్యాటరీలో పోస్తుంది. ఇన్వర్టరు దాన్ని మళ్ళీ ఊగే కరెంటుగా మారుస్తుంది. ఆంప్లిఫయరు దాన్ని మళ్ళీ ఊగనిదిగా మార్చుకుంటుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు లేదూ? ఆ తిరుగుడులో కొంత కరెంటు వేడిగా పోతుంది. శుద్ధి సంగతి దేవుడెరుగు.

వినికిడి విషయానికి వద్దాం. "వింటే మీకే తెలుస్తుంది" అన్నారు గదా, విన్నాం. ఒక గురువారం రాత్రి ఆ మిత్రుడినే భోజనానికి పిలిచాం. ఆయన తన చిన్న ఆంప్లిఫయరు తెచ్చుకున్నారు. అది 12 వోల్టులది, గోడ అడాప్టరుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. మాలో ఒకరం దుప్పటి తెర వెనక కూచుని, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే బ్యాటరీ, బొరుసు పడితే అడాప్టరు కలిపాం. రెండో వాళ్ళం తెర ఇవతల, ఏది కలిపారో తెలియకుండా, ఆయన చెప్పింది రాసుకున్నాం. ఒకే పాట, ఒకే ధ్వని మట్టం. 20 సార్లు చేశాం. ఆయన సరిగ్గా చెప్పింది 11 సార్లు. నాణేన్నే అడిగి ఉన్నా 10 దగ్గర చెప్పేది. ఆయన కాసేపు ఆలోచించి, "ఇవాళ జలుబు చేసి చెవులు సరిగ్గా లేవండీ" అన్నారు. జలుబుకు మాత్రలిచ్చి పంపాం.

ఒక మనిషితో, ఒక రాత్రి, 20 సార్లు చేసింది పరిశోధన కాదని మాకు తెలుసు. కాని దారి మాత్రం అదే. కొత్త మందు మంచిదో కాదో తేల్చేటప్పుడు రోగికీ తెలియకుండా, ఇచ్చేవాడికీ తెలియకుండా ఇచ్చి చూస్తాం. ఎందుకు? తెలిస్తే మనసు అడ్డొస్తుంది గనక. పంచదార మాత్ర మింగిన రోగులు కూడా చాలామంది నొప్పి తగ్గిందనే చెబుతారు. 1955లో బీచర్ అనే అమెరికన్ వైద్యుడు దీనిమీద రాసిన వ్యాసం మా చదువులో అందరూ వినేదే. చెవికి కూడా అదే మనసు ఉంది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. అది బ్యాటరీ గురించి కాదు, ఖరీదైన కొత్త రకం డిస్కుల గురించి. ఆ డిస్కు ధ్వనినీ, దాన్నే మామూలు సీడీ స్థాయికి దింపిన ధ్వనినీ ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే, అయిదు వందల పైచిలుకు ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పింది సుమారు సగమే. డబ్బు పెట్టినవాడి చెవికి డబ్బు వినిపిస్తుంది. అందులో సిగ్గుపడవలసింది లేదు, మనుషులం గనక. కాని సంఘం డబ్బు పెట్టేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఈ మోజు మనకొక్కరికే పట్టింది కాదు. జపానులో కొందరు శ్రోతలు శుద్ధమైన కరెంటు కోసం ఇంటి ముందర సొంత కరెంటు స్తంభమే నాటించుకున్నారని 2016లో అమెరికా పత్రిక ఒకటి రాసింది. దీనికి ఎదురుగా ఇంకో కథ కూడా ఉంది. 2000 తరవాతి ఏళ్ళలో ట్రైపాత్ కంపెనీ చిప్పుతో ఒక చిన్న ప్లాస్టిక్కు ఆంప్లిఫయరు వచ్చింది. ఎనిమిది పెన్సిలు సెల్లులతో నడిచేది. 40 డాలర్ల లోపు ఖరీదు. వేలు పోసి కొన్న పెట్టెల పక్కన పెట్టి విన్న సంగీత ప్రియులు కూడా దాన్ని మెచ్చుకున్నారు. దాన్నిబట్టి మేము నేర్చుకోవలసిన పాఠం, బ్యాటరీ గొప్పదని కాదు. మంచి పాటకు పెద్ద డబ్బు అవసరం లేదని.

నిజంగా మన ఇళ్ళలో పాట చెడుతున్నది ఎక్కడ? మా మిత్రుడి హాలులో కిటికీ ఏసీ మోగుతోంది. దాని రొద 45, 50 డెసిబెళ్ళకు తక్కువ ఉండదు. ఆ రొద కింద ఆంప్లిఫయరు చేసే ఏ సన్నని మోతైనా ఏనుగుల గుంపు కింద చీమలాంటిది. నేల నున్నటి పలకలు, గోడలు ఖాళీ. మాట్లాడితేనే ప్రతిధ్వని వస్తుంది. పాత సూక్ వీధిలో 100 రియాళ్ళు పెట్టి ఒక మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన తెరలు కొని వెయ్యండి. పాట సాహిత్యం అక్షరం అక్షరం వినిపిస్తుంది. ఆ రెండూ చేశాక, ధ్వని కాస్త తగ్గించండి. పెద్దవాళ్ళకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళ దాకా, పిల్లలకు 75 దాకా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకు మించి వినిపిస్తే, మీరు కొన్న శుద్ధమైన కరెంటును వినేందుకు శుద్ధమైన చెవులు మిగలవు.

ఇప్పుడు అసలు మాట.

మన వాళ్ళకు బ్యాటరీ పాట కొత్త కాదు. మా తాతగారిది దివిసీమ. కరెంటు రాని రోజుల్లో ఊరి పంచాయితీ రేడియో బ్యాటరీ మీదే పాడేదని చెప్పేవారు. వాల్వుల సెట్టు అది. వాల్వు వెలగడానికి ఒకటిన్నర వోల్టుల సెల్లు, పలకలకు 90 వోల్టుల పెట్టె. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక, సాయంత్రం పొలం పనులు ముగించుకుని ఆ అరుగు చుట్టూ చేరేవారట. బ్యాటరీ అయిపోతే కొత్తది వచ్చేదాకా ఊరంతటికీ ఉపవాసమే. ఆ తరవాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, నాలుగు సెల్లులతో పాట చంకనెక్కింది. 1977 నవంబరు 19 తుపానుకు స్తంభాలన్నీ పడిపోయి, ఎవరు బతికారో ఎవరు పోయారో తెలియని రోజుల్లో, మా తాతగారి చేతిలో మిగిలింది ఒక తడిసిన ట్రాన్సిస్టరు. ఎండలో ఆరబెట్టి, సెల్లులు మార్చి, అది పలికినప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చారని మా నాయనమ్మ చెప్పేది. ఆ రోజు ఆ ధ్వని ఎంత శుద్ధంగా ఉందని ఎవరూ అడగలేదు.

పెళ్ళిళ్ళకు మైకు సెట్టు వచ్చేది. అవనిగడ్డ నుంచి సైకిలు క్యారేజీకి కట్టిన కారు బ్యాటరీ, చేతిలో ఆంప్లిఫయరు, కొబ్బరిచెట్టుకు కట్టిన హారను. మా చిన్నతనంలో కరెంటు వచ్చింది గాని నిలిచేది కాదు. మా బాబాయి కారు స్టీరియో ఒకటి పాతది కొని, చెక్కపెట్టెలో బిగించి, స్పీకర్లను రెండు మట్టికుండల మూతులకు అమర్చాడు. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి కలిపేవాడు. కరెంటు పోయిన రాత్రి వీధి వీధంతా మా అరుగు మీదకు వచ్చేది. పొద్దున్న ట్రాక్టరు స్టార్టు కాక తాతగారి చేత తిట్లు తినేవాడు. మా జీవితంలో విన్న అన్ని సౌండు సెట్టుల్లోకీ గొప్పది ఆ కుండల సెట్టే. దాని గొప్ప కుండలో లేదు. తీగ తెగిపోయిన చోట కూడా పాట పది మందికీ అందడంలో ఉంది.

బ్యాటరీ పుట్టింది అందుకు. తీగ లేని చోటికి పాటను మొయ్యడానికి. తీగ ఉన్న చోట పాటను కడగడానికి కాదు.

మరి ఈ తబూక్‌లో తీగ లేని చోటు ఎక్కడుంది అంటారేమో. చెబుతాం. పోయిన చలికాలంలో మా దగ్గరకు ఒకతను ముంజేయి కాలి వచ్చాడు. రాయచోటి వైపు మనిషి. ఊరికి చాలా దూరంగా ఎడారిలో గొర్రెల మంద దగ్గర పని. అక్కడ కరెంటు లేదు. యజమాని పాత పికప్పు బండి బ్యాటరీ ఒకటి పారేస్తే దాన్ని దాచుకున్నాడు. దానికి తన ఫోనూ, అరచేయంత స్పీకరూ కలుపుకుని రాత్రుళ్ళు పాటలు వింటాడు. అది బలం తగ్గితే మూతలు విప్పి నీళ్ళు పొయ్యబోయాడు. ఆసిడ్ చిమ్మింది. "నీళ్ళే గదా అనుకుంటి సార్" అన్నాడు. అదృష్టం కొద్దీ కంట్లో పడలేదు. చేతిని చాలాసేపు ధారగా నీళ్ళతో కడిగి, కట్టు కట్టి పంపాం. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "సార్, తెలుగోళ్ళ సంగం ఉందంట గదా. పాటలు గూడా పెడతారంట. అదంతా టౌన్లోనేనా? మా కాడికి ఎప్పుడన్నా వస్తాదా?" అని అడిగాడు.

మేము జవాబు చెప్పలేకపోయాం. ఇద్దరం డాక్టర్లం, సంఘం స్థాపించిన నాటి నుంచీ సభ్యులం, ఒక గొర్రెల కాపరి అడిగిన చిన్న ప్రశ్నకు నోరు పెగల్లేదు. తరవాతి వారమే సమావేశం. అక్కడ శుద్ధమైన కరెంటు కోసం చేతులు లేచాయి.

మిత్రులారా, కాస్త ఆలోచించండి. అతనికి బ్యాటరీ బతుకు. మనకు బ్యాటరీ ముచ్చట. తీగా, ప్లగ్గూ, ఏసీ, తివాచీ అన్నీ ఉన్న హాలులో మనం బ్యాటరీ కావాలంటున్నాం. ఏమీ లేని చోట ఒకతను పారేసిన బ్యాటరీతో చెయ్యి కాల్చుకుంటున్నాడు. ఈ రెండూ ఒకే ఊరి చుట్టూ, ఒకే భాష మాట్లాడే మనుషుల మధ్య జరుగుతున్నాయి. మనం 'తెలుగు' సంఘం అని పేరు పెట్టుకున్నాం. 'ఇంజనీర్ల, డాక్టర్ల సంఘం' అని పెట్టుకోలేదు.

"మనది సాంస్కృతిక సంఘం, ధర్మసత్రం కాదు" అని ఒక పెద్దాయన అప్పుడే అన్నారు. నిజమే. మేము అన్నదానం చెయ్యమనడం లేదు, పాట వినిపించమంటున్నాం. సంస్కృతి అంటే అదే అనుకున్నాం మేము. "రెండూ చెయ్యవచ్చు గదా" అని ఇంకొకరు అనవచ్చు. నిధి ఒక్కటే. మొదటి సెట్టు కొన్నాక రెండోదానికి మిగిలేది చప్పట్లే. "కార్యక్రమం మధ్యలో కరెంటు పోతే?" అని మూడో ప్రశ్న. ఈ ఆరేళ్ళలో మన కార్యక్రమాల్లో అలా జరిగింది ఒకే ఒక్కసారి, పది నిమిషాలు. అప్పుడు పిల్లలంతా గొంతెత్తి పాడారు. ఆ ఏడాది కార్యక్రమాల్లో అందరికీ గుర్తున్నది ఆ పది నిమిషాలే.

కనక వచ్చే సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదన ఇది. ఇస్తిరాహాలో గోడ ప్లగ్గు మీద నడిచే మామూలు సెట్టు చాలు. అది అద్దెకు దొరుకుతుంది. సొంతంగా కొనవలసింది చిన్నది. 12 వోల్టులతో నేరుగా, ఇన్వర్టరు లేకుండా నడిచే ఆంప్లిఫయరు ఒకటి, రెండు స్పీకర్లు, 20 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, దానికి తగ్గ చార్జరు. ఆ బ్యాటరీలో సుమారు 250 వాట్-అవర్లు ఉంటాయి. పది మంది కూచుని వినే ధ్వనికి సగటున 15 వాట్లు చాలు. అంటే 15 గంటలు ఢోకా లేదు. 8 వేలలో నాలుగో వంతు కూడా కాదు. మిగిలిన డబ్బు పెట్రోలుకూ, పిల్లల తెలుగు పుస్తకాలకూ.

వైద్యులం గనక జాగ్రత్తలు కూడా చెప్పక తప్పదు. బ్యాటరీ ధన ధ్రువం పక్కనే ఫ్యూజు తప్పనిసరి. ఎవరో ఇంట్లో అతికించి అమ్మే లిథియం పెట్టెలు వద్దే వద్దు. అంటుకుంటే ఆర్పడం కష్టం. ఈ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చెయ్యకూడదు. మన తబూక్ చలికాలపు రాత్రులు ఆ అంచుకు వస్తాయని మీకు తెలుసు. ఎండాకాలం కారు డిక్కీలో వదిలెయ్యకూడదు. పాత రకం సీసపు బ్యాటరీ ఉన్నవాళ్ళు దాన్ని పడగ్గదిలో చార్జి చెయ్యవద్దు. దానిలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరితే ఒక నిప్పురవ్వ చాలు. మూత విప్పేవాళ్ళు కళ్ళద్దాలూ, చేతి తొడుగులూ వేసుకోండి. రాయచోటి తమ్ముడి చెయ్యి గుర్తుంచుకోండి.

నెలకొక శుక్రవారం, యజమానుల అనుమతి ముందే అడిగి, పొలాల దగ్గరికో, కూలీల బసల దగ్గరికో, మందల దగ్గరికో నాలుగు కుటుంబాలు వెళదాం. పిల్లల్ని కూడా తీసుకెళదాం. ఇంట్లో నలుగురూ నాలుగు చెవి బిరడాలు పెట్టుకుని నాలుగు గదుల్లో వినే పాట వేరు, ఆకాశం కింద చాప మీద పది మందీ కలిసి వినే పాట వేరు. ఆ తేడా మన పిల్లలకు తెర వెనక నాణెం ఎగరేసి చూపించనక్కర్లేదు. ఇరవైకి ఇరవై సార్లూ సరిగ్గా చెబుతారు.

మా మాటల్లో పరుషం ఎక్కువైతే మిత్రులు మన్నించాలి. ముఖ్యంగా మా భోజనం తిని జలుబు మాత్రలు తీసుకెళ్ళిన మిత్రుడు. ఆయన చేతిపని మాకు తెలుసు. టంకం వెయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఆ 12 వోల్టుల సెట్టు కూర్చవలసింది ఆయనే. తిరగబడి జవాబు రాస్తామన్నా సంతోషమే, పై సంచికలో చదువుతాం. కాని ఈసారి చేతులెత్తమన్నప్పుడు, బిర్యానీ వడ్డించకముందే ఎత్తమనండి. మొదటి శుక్రవారం బ్యాటరీ మోసే వంతు మాది.